హారన్‌కి బుట్టెడు ఎర్త్

ఆ రోజుల్లో తెలియని మాట ఏదైనా చెవిన పడితే దాని అర్థం ఎవరినీ అడిగేవాళ్ళం కాదు. అడిగితే మనకి తెలియదన్న సంగతి బయటపడుతుంది కదా. అందుకని తెలిసినట్టు తలాడించి, ఇంటికొచ్చి, ఇంట్లో ఉన్న సరుకుతోనే ఆ మాటకి ఒక అర్థం వండుకునేవాళ్ళం. ఇప్పటి పిల్లలకి ఆ అవస్థ లేదు. ఫోనుని అడుగుతారు, ఫోను వాళ్ళని చూసి నవ్వదు. నేను చదివింది మూడో తరగతి (నాలుగో తరగతి మా ఊరి బడిలో లేదు, ఉన్నా మా అమ్మ పంపేది కాదు, పత్తి తీతకి ఒక మనిషి తగ్గిపోయేది). ఆ మూడు తరగతుల చదువుతో నేనొక కారుకి కరెంటు వైద్యం చేశాను. చేసి, నలుగురిలో నవ్వులపాలయ్యాను. ఇన్నేళ్ళయింది కాబట్టి ఇప్పుడు చెప్పుకోవచ్చు.

మాది అద్దంకి దగ్గర ఒక పల్లె. నేను కాపురానికొచ్చేనాటికి మా ఆయన వాళ్ళ పెదనాన్నగారి పత్తి గింజలు తీసే జిన్నింగు మిల్లులో గుమాస్తా. పొద్దున చొక్కా ఇస్త్రీ చేసుకుని వెళ్ళిన మనిషి, సాయంత్రానికి కనుబొమ్మల మీద కూడా దూదితో తిరిగొచ్చేవారు. అన్నం ముందు కూర్చుని, ముద్దకొకసారి దగ్గేవారు. ఆ దగ్గు వినలేక, మిల్లు మానేసి ఒక పాత కారు కొనమని, మిరప కోతలప్పుడు రైతులని గుంటూరు యార్డుకి తిప్పితే మన తిండి మనకొస్తుందని పోరుపెట్టింది నేనే. కొన్నారు. ఆ కారు నాకన్నా రెండేళ్ళు పెద్దది. ఎడమవైపు తలుపుని తాడుతో కట్టుకోవాలి. అయినా సొంత కారు. ఆ మిల్లు యజమాని, మా పెదమామగారు వచ్చి దాని చుట్టూ ఒక ప్రదక్షిణం చేసి, టైరుని కర్రతో పొడిచి చూసి, "బాగానే ఉందిరా. ఇది పడుకున్న రోజున వచ్చెయ్. నీ కుర్చీ ఎవరికీ ఇవ్వను," అని వెళ్ళారు. ఆయన ప్రేమగానే అన్నారు. నాకు మాత్రం ఆ రోజు నుంచీ ఎక్కడ ఖాళీ కుర్చీ కనపడ్డా దాన్ని మడిచి పక్కన పెట్టాలనిపించేది.

కారు నడపడం ఆయన వంతు, కడగడం నా వంతు. నా చేతుల్లో ఏదీ వృథాగా పోదు. మా ఇంట్లో ప్రతి యేడూ చల్లమిరపకాయలు పెద్ద బానలో పెట్టేవాళ్ళం. గాట్లు పెట్టిన మిరపకాయల్ని ఉప్పు వేసిన పుల్లమజ్జిగలో నానబెట్టి, ఎండబెట్టి, మళ్ళీ నానబెట్టాక బాన అడుగున ఆ మజ్జిగ మిగులుతుంది. దాన్ని పారబొయ్యడానికి నాకు చెయ్యి రాదు. ఇత్తడి బిందె పుల్లమజ్జిగతో తోమితే అద్దంలా మెరుస్తుందే, మరి కారు మూతికి ఉన్న ఆ వెండిరంగు పళ్ళ వరస ఎందుకు మెరవదు అనుకున్నాను. మెరిసింది. అప్పటి నుంచి వారానికి రెండుసార్లు చెంబెడు మజ్జిగ ఆ పళ్ళ మీద పోసి రుద్దేదాన్ని. కారు నవ్వుతున్నట్టుండేది. పళ్ళ వెనకాల ఏముంటుందో నేనెప్పుడూ తొంగిచూడలేదు.

అలా ఉండగా హారన్ పాడయింది. మొదట కొన్నాళ్ళు జలుబు చేసిన మేకలా అరిచింది, తర్వాత గుటకేసినట్టు చప్పుడు చేసింది, తర్వాత అదీ లేదు. మా ఆయన కొంతకాలం కిటికీలోంచి తల బయటపెట్టి, "తప్పుకోండయ్యా, తప్పుకోండి," అని అరుస్తూ నడిపారు. అయితే ఎఫ్‌సీ దగ్గరపడింది. ఎఫ్‌సీ అంటే, ఈ బండి రోడ్డు మీద తిరగడానికి తగినదేనని బ్రేక్ ఇన్‌స్పెక్టరు చూసి రాసిచ్చే కాగితం. ఆయన నెలకొక్క రోజు అద్దంకి బయట బయలులోకి వచ్చి బళ్ళు చూసేవారు. హారన్ మోగకపోతే కాగితం ఇవ్వరు. కాగితం లేకపోతే కారు కదలదు. మళ్ళీ నెలదాకా ఆగితే మిరప సీజను కాస్తా అయిపోతుంది. తర్వాత ఇక మిల్లు, దూది, కుర్చీ.

"ఆయన ముందు కూడా మీరే అరవకూడదా?" అని అడిగాను.

"అరిస్తే నాకు ఎఫ్‌సీ ఇస్తారే, కారుకి కాదు," అన్నారు మా ఆయన.

అద్దంకిలో కార్లకి కరెంటు పని చేసే సాయిబుగారు ఒకాయన ఉండేవాడు. నన్ను చెల్లెమ్మా అని పిలిచేవాడు కాబట్టి నాకు సాయిబన్నయ్య. ఆయన మా వాకిట్లోకి వచ్చి, బానెట్ ఎత్తి, బ్యాటరీ నుంచి రెండు వైర్లు తీసి నేరుగా హారన్‌కి ఆనించాడు. అది పెట్టిన కేకకి మా కోళ్ళు గోడ దూకాయి. "హారన్ బంగారంలా ఉంది బావా," అన్నాడు. తర్వాత చిన్న బల్బుకి వైర్లు తగిలించుకుని, మా ఆయన్ని స్టీరింగు మీద బటన్ నొక్కమని, హారన్‌కి వచ్చే వైరు దగ్గర పెట్టి చూశాడు. బల్బు వెలిగింది. "చూశావా, కరెంటు ఇక్కడిదాకా శుభ్రంగా వస్తా ఉంది."

"వస్తే మోగాలి కదన్నయ్యా?" అన్నాను.

"వస్తే చాలదు చెల్లెమ్మా, తిరిగి పోవడానికి దారుండాలి. దీనికి ఎర్త్ అందట్లా. ఎర్త్ ఇచ్చేస్తే అయిపోద్ది, పది నిమిషాల పని," అంటూ చేతికున్న గడియారం చూసుకుని, "ఇప్పుడు బస్సు తప్పితే పొదిలిలో మా మేనకోడలు పెళ్ళికి నేను లేకుండానే అయిపోద్ది. రేపు పొద్దువాలే లోపు వచ్చేస్తా," అని వెళ్ళిపోయాడు.

మర్నాడు పొద్దువాలింది. సాయిబన్నయ్య రాలేదు (పెళ్ళివారు ఇంకో పూట భోజనానికి ఆపేశారని తర్వాత తెలిసింది, ఆ భోజనం సంగతి విన్నాక నాకు కోపం కూడా రాలేదు). తెల్లవారితే బ్రేక్ ఇన్‌స్పెక్టరు. మా ఆయన అరుగు మీద చేతులు మోకాళ్ళ మీద పెట్టుకుని, అప్పుడే ఆ కుర్చీలో కూర్చున్నట్టు కూర్చున్నారు. ఆ కూర్చోవడం చూసి నాకు ఒళ్ళు మండింది. ఎర్త్ ఇవ్వడమే కదా, దానికి పొదిలి నుంచి మనిషి రావాలా?

ఎందుకంటే ఎర్త్ గురించి ఆ ఇంట్లో నాకు తెలిసినంత ఎవరికీ తెలియదు. మా ఇంటికి కరెంటు పెట్టినప్పుడు లైన్‌మన్ పెరట్లో గుంట తవ్వి, అందులో ఇనపరాడ్డు దింపి, చుట్టూ ఉప్పు, బొగ్గు పోసి, "ఇది ఎర్త్ అమ్మా, రోజూ నీళ్ళు పొయ్యాలి. ఎండిందంటే పనిచెయ్యదు," అని నాకే చెప్పి వెళ్ళాడు. ఎర్త్ అంటే ఏమిటని నేను అడగలేదు, తలాడించాను. ఆ రోజు నుంచి తోటకూర కడిగిన నీళ్ళు, బియ్యం కడిగిన నీళ్ళు అన్నీ దానికే. బల్బు కాస్త మినుకుమంటే మా అత్తగారు వంటింట్లోంచి, "అమ్మాయ్, ఎర్త్‌కి దాహమేస్తున్నట్టుంది చూడు," అనేవారు. కాబట్టి ఎర్త్ అంటే తడిసిన నేల. మరి కారు సంగతేమిటి? నాలుగు రబ్బరు చక్రాల మీద నేలకి తగలకుండా నిలబడి ఉంది. దానికి ఎర్త్ ఎలా అందుతుంది? ఇంత చిన్న సంగతి సాయిబన్నయ్యకి తట్టి, మా ఆయనకి తట్టనందుకు ఆశ్చర్యపోయాను.

వెంటనే గేదెని విప్పి తాడుతో కట్టేసి, దాని గొలుసు తెచ్చాను. ఒక కొస హారన్ కాలికి, అంటే దాన్ని పట్టి ఉంచే ఇనప పట్టీకి చుట్టి, ముందరి బంపరు మీంచి కిందికి దించాను. రెండో కొసని గేదె గుంజకి కట్టి, ఆ గుంజని కారు ముందు నేలలో దిగ్గొట్టి, గొలుసు బిగించి, గుంజ మొదట్లో దోసెడు ఉప్పు, చేటెడు బొగ్గు, బిందెడు నీళ్ళు పోశాను. "ఇప్పుడు నొక్కండి," అన్నాను. మా ఆయన నా మాట తీసెయ్యలేక వెళ్ళి నొక్కారు. కోళ్ళు మళ్ళీ గోడ దూకాయి.

ఆయన కారులోంచి దిగి, గొలుసునీ గుంజనీ నన్నూ మార్చిమార్చి చూసి, "ఏం చేశావే?" అన్నారు.

"ఎర్త్ ఇచ్చాను," అన్నాను. ఆ క్షణంలో నా గొంతులో ఉన్న పొగరు ఇప్పుడు తలుచుకుంటే నాకే చిరాకు.

తెల్లవారి బయలుదేరాం. గుంజని కూడా తీసుకెళ్ళలేం కాబట్టి గొలుసు విప్పి, నేల మీద ఈడ్చుకుంటూ వచ్చేలా వదిలేశాం. మా ఊరి బాట అంతా నల్లరేగడి. అందులో గొలుసు బరువుగా ఈడుస్తుంటే హారన్ నొక్కినప్పుడల్లా మోగింది. ఊరు దాటేసరికి వెనకాల ఏదో వస్తున్న అలికిడి. తిరిగిచూస్తే మా గేదె. తాడు తెంపుకుని, తన గొలుసు చప్పుడు గుర్తుపట్టి, మేతకి తోలుకెళ్తున్నామనుకుని కారు వెనకే నింపాదిగా నడిచొస్తోంది. దాని వెనక మా అత్తగారు, "ఒరేయ్, గొలుసైనా ఇచ్చి పోండిరా, గేదెనైనా ఎక్కించుకుని పోండిరా," అని కేకలు. మా ఆయన కాస్త వేగం పెంచారు. గేదె కూడా పెంచింది.

తారురోడ్డు మొదలయ్యే చోట గేదె ఆగిపోయింది. హారన్ కూడా ఆగిపోయింది. నున్నటి తారు మీద గొలుసు తేలిగ్గా జారుతోందే తప్ప, ఎన్నిసార్లు నొక్కినా మోత లేదు. మా ఆయన మొహం పాలిపోయింది. నాకు మాత్రం కారణం వెంటనే తోచింది. "తారుకి ఎర్త్ ఎక్కడుంటుందండీ? ఆపండి," అని దిగి, బుట్టలో ఉన్న పులిహోర క్యారియరు సీటు మీద పెట్టి, పత్తిచేను గట్టు నుంచి బుట్టనిండా నల్లమట్టి ఎత్తుకొచ్చి ఒళ్ళో పెట్టుకున్నాను. ఆ రోజు కట్టుకున్న పట్టుచీరే నాకున్న ఒక్క మంచి చీర. అయినా లక్ష్యపెట్టలేదు. పక్కన పోయే బండివాళ్ళు, పట్టుచీర కట్టుకుని ఒళ్ళో మట్టిబుట్టతో, కింద గేదెగొలుసుతో కారులో పోతున్న మనిషిని చూసి దణ్ణం పెట్టాలో నవ్వాలో తేల్చుకోలేక ఊరుకున్నారు.

అద్దంకి బయట బయలంతా గట్టి గ్రావెల్ నేల. లారీలు, ట్రాక్టర్లు, రెండు టాక్సీలు వరసలో ఉన్నాయి. బ్రేక్ ఇన్‌స్పెక్టరుగారు సన్నగా, పొడుగ్గా, చేతిలో అట్టతో, ఎవరితోనూ అనవసరంగా మాట్లాడకుండా తిరుగుతున్నారు. మా వంతు వచ్చేలోపు నేను కారు ముందు చతికిలబడి, గొలుసు కొస కింద బుట్ట బోర్లించి, చెంబుతో నీళ్ళు పోసి, పిడికెడు ఉప్పు చల్లి, చేత్తో మెదుపుతున్నాను. తల పైకెత్తితే ఆయన బూట్లు కనపడ్డాయి.

"ఏమ్మా, ఇక్కడ మిరపనారు పోస్తున్నావా?" అన్నారు.

"లేదండి. ఎర్త్ ఇస్తున్నానండి."

వరసలో ఉన్న లారీ డ్రైవర్లు ఒక్కొక్కరే దిగొచ్చి చుట్టూ నిలబడ్డారు. ఇన్‌స్పెక్టరుగారు నవ్వలేదు, అందుకే నాకు భయమేసింది. "హారన్ కొట్టవయ్యా," అన్నారు మా ఆయనతో. ఆయన నొక్కారు. ఏమీ లేదు. నేను ఇంకాస్త నీళ్ళు పోశాను. ఏమీ లేదు. "కొంచెం ఆగండి, నాననివ్వాలి," అన్నాను. వెనకనుంచి ఒక డ్రైవరు, "ఎరువు కూడా వెయ్యక్కా, రేపటికి మొలకొస్తుంది," అన్నాడు. మా ఆయన అద్దంలోంచి నావైపు చూసిన చూపులో ఆ కుర్చీ నాలుగు కాళ్ళతో సహా కనపడింది నాకు.

ఇన్‌స్పెక్టరుగారు, "చెయ్యి తియ్యకు, నొక్కే ఉంచు," అని ముందుకి వంగి, ఇదేం గొలుసురా అన్నట్టు రెండు వేళ్ళతో పట్టుకుని లాగారు. గొలుసు బిగిసి బంపరుకి తగిలింది. హారన్ సరిగ్గా ఆయన చెవిలో అరిచింది. ఆయన ఉలిక్కిపడి వదిలేశారు. హారన్ ఆగింది. మళ్ళీ లాగారు, అరిచింది. వదిలారు, ఆగింది. అలా నాలుగుసార్లు చేశారు. నాలుగోసారి మాత్రం పరీక్ష కోసం కాదని నా అనుమానం.

"ఏమ్మా, ఏం చదువుకున్నావు?"

"మూడో తరగతండి."

"ఎర్త్ అంటే భూమేనమ్మా, కాదన్ను. కానీ కారుకి మాత్రం దాని ఇనపబాడీయే భూమి. హారన్ ఈ బాడీకి గట్టిగా తగిలితే చాలు. నీ గొలుసు మట్టికి తగిలి మోగలేదు, బంపరుకి తగిలి మోగింది. అది బిగిసినప్పుడు తగిలింది, వదులైనప్పుడు తప్పింది." అలా చెప్పి, ఆ వెండిరంగు పళ్ళ చాటునే ఉన్న హారన్ వెనక చెయ్యి పెట్టి, వేళ్ళు బయటికి తీసి చూసుకున్నారు. ఎర్రగా తుప్పు. "ఈ బోల్టు చూడు. ఇంత తుప్పు మధ్యలో ఉంటే కరెంటు ఎలా పోతుంది? దీన్ని విప్పి, గీకి, మెరిసేలా చేసి బిగించండి. నేను చివరి లారీ చూసి వచ్చేలోపు మోగితే సరి, లేకపోతే మళ్ళీ నెల."

మా ఆయన స్పానరు పట్టుకుని బోల్టు విప్పారు. గీకడానికి గరుకు కాగితం ఎవరి దగ్గరా లేదు. ఒక డ్రైవరు కత్తి ఇచ్చాడు, అది జారుతోంది. అప్పుడు నేను క్యారియరు సంచిలోంచి కొబ్బరిపీచు తీశాను (బయట తిన్న క్యారియరు బయటే తోమి ఇంటికి తీసుకెళ్ళడం నా అలవాటు, ఇంటి నీళ్ళు ఎందుకు ఖర్చుపెట్టాలి). ఎదురుగా తడిపి, ఉప్పు కలిపి, మెదిపి సిద్ధంగా ఉన్న మట్టి. కింద గ్రావెల్ ఇసక కూడా కలిసింది. కూర్చుని తోమాను. మాడిన పప్పుగిన్నెలు తోమిన చేతులు ఇవి, ఆ బోల్టు ఏమాత్రం. బోల్టు, పట్టీ, అది కూర్చునే చోటు, అన్నీ తెల్లగా మెరిసేదాకా తోమి, చెంబు నీళ్ళతో కడిగి, కొంగుతో పొడిగా తుడిచి ఇచ్చాను. మా ఆయన బిగించారు. నేను గొలుసు తీసేశాను. ఆయన ఒకసారి నావైపు చూసి, కళ్ళు మూసుకుని నొక్కారు.

ఆ చివర లారీ కింద వంగి ఉన్న ఇన్‌స్పెక్టరుగారు అక్కడినుంచే చెయ్యెత్తి, "చాలు, చాలు," అన్నారు. కాగితం రాస్తూ, మా ఆయన అటు వెళ్ళినప్పుడు, వేళ్ళు ముక్కు దగ్గర పెట్టుకుని మెల్లగా అడిగారు. "పుల్లమజ్జిగ వాసనొస్తోందేమమ్మా?" నేను జీవితంలో అబద్ధమాడను. అందుకని మాట్లాడలేదు. ఆయన తలాడించి, "మజ్జిగ ఆయనకి పొయ్యమ్మా, బండికి వద్దు," అని కాగితం ఇచ్చేశారు. అప్పుడు నవ్వారు.

తిరిగొస్తూ మా ఆయన మిల్లు ముందు కారు ఆపి హారన్ మీద చెయ్యేసి తియ్యలేదు. మా పెదమామగారు చెవులు మూసుకుంటూ బయటికొచ్చి, "వినపడింది లేరా, కుర్చీ ఇంకొకడికిస్తాలే," అన్నారు. తారురోడ్డు చివర గేదె ఇంకా నిలబడే ఉంది, మా అత్తగారు ఎంత అదిలించినా ఇంటికి కదల్లేదట. దాని గొలుసు దానికి వేసి, పట్టుచీరతో నేను నడిపించుకెళ్తుంటే, వెనకనుంచి ఆయన ఊరిదాకా హారన్ కొడుతూనే వచ్చారు. ఆ కారు ఆ తర్వాత చాలా సీజన్లు యార్డుకి తిరిగింది. ఆయన దగ్గు ఆ వేసవికే పోయింది.

మజ్జిగ సంగతి నేను ఆయనకి చెప్పలేదు. తుప్పు వానకి పట్టిందన్నాను (అంటే, అన్నది ఆయన, నేను కాదనలేదు). ఎన్నో ఏళ్ళు గడిచాక, మనవలు పుట్టాక, ఒకరోజు భోజనంలో మజ్జిగ పోస్తుంటే ఆయన చెయ్యి అడ్డం పెట్టి, "అంతా నాకే పొయ్యకు. హారన్‌కి ఉంచావా?" అన్నారు. నేను గిన్నె అక్కడే పెట్టి వంటింట్లోకి వెళ్ళిపోయాను. కోపమొచ్చిందనుకున్నారు పాపం. ఆ తర్వాత ఉన్నన్నాళ్ళూ, మజ్జిగ పోసిన ప్రతిసారీ అదే అడిగేవారు, నేను రోజూ ఒకేలా కసురుకునేదాన్ని.

మొన్న సత్తెనపల్లిలో మా మనవరాలి పాత కారుకి హారన్ మూగపోయింది. అది ఫోనులో చూసి, "అమ్మమ్మా, ఎర్త్ ప్రాబ్లమ్ అంట," అంది. నేను లేచి కొబ్బరిపీచు తెచ్చి, మట్టి కోసం దాని బాల్కనీలో పూలకుండీలో చెయ్యి పెట్టాను. అందులో మట్టి లేదు, అదేదో కొబ్బరిపొట్టు, సంచుల్లో కొంటారట. మట్టిని కూడా కొనుక్కునే రోజుల్లో మట్టి కాకుండా ఇంకేదో కొనుక్కుంటున్నారు. చివరికి అది విప్పిచ్చిన బోల్టుని గిన్నెల పొడితోనే తోమాను, మోగింది. చెయ్యి కడుక్కుంటుంటే, ఒళ్ళో మట్టిబుట్ట పెట్టుకుని టౌనుకి భూమిని మోసుకెళ్ళిన ఆ పిల్ల గుర్తొచ్చింది. ఇప్పుడు ఎదురుపడితే దాన్ని గట్టిగా మందలిస్తాను. తెలియని మాట అడగాలని చెబుతాను, పట్టుచీర పాడు చేసినందుకు నాలుగు తిడతాను. తిట్టి, బుట్ట బరువుగా ఉంటుంది కదా, రెండోవైపు నేను పట్టుకుంటాను.